ఏటవతలికి వినపడని పెట్టె

మైకు మంచిదా కాదా అని తేల్చడానికి మా కోనసీమలో ఒకే ఒక పరీక్ష ఉండేది: ఏటవతలికి వినపడాలి. ఇవతల గట్టున నవమి పందిట్లో హరికథ జరుగుతుంటే, అవతల గట్టున ఇంకో ఊళ్ళో ఎవడో తన పాకలో కూర్చుని దాన్ని వినాలి. వాడు వినదలుచుకున్నాడా లేదా అన్నది ఎవరికీ పట్టదు. పందిట్లో ముందు వరసలో కూర్చున్న ముసలమ్మకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఫరవాలేదు. మర్నాడు రేవు దాటి వచ్చినవాడు "మీ మైకు మా ఊళ్ళోకి బాగా వినపడిందండి, ఆయ్" అన్నాడా, కమిటీవాళ్ళ మొహాలు వెలిగిపోయేవి. కథలో ఏం చెప్పారో నీకు తెలిసిందా అని మాత్రం వాణ్ణి ఎవడూ అడిగిన పాపాన పోలేదు. అడిగితే గుట్టు బయటపడేది.

ఆ పరీక్షకు ఒక గొంతు బలి కాబోయింది. ఆ గొంతు కోసం నేనొక పెట్టె చేశాను. అప్పటికి నాకు పాతికేళ్ళుంటాయి. రెండో ప్రపంచయుద్ధం ముగిసి నాలుగైదేళ్ళయింది. అమలాపురంలో ఒక వీధి అరుగు మీద రేడియోలు బాగుచేసే దుకాణం నాది. చదువు ఐదో తరగతితో సరి. పాడైన రేడియోలే నా పాఠ్యపుస్తకాలు, కాల్చుకున్న వేళ్ళే నా పట్టాలు. పట్టాలున్నవాళ్ళు విప్పి, మళ్ళీ బిగించడం చేతకాక బుట్టలో వేసి నా దగ్గరికి పంపిన రేడియోలు కూడా ఉన్నాయి. పేర్లు చెప్పను, మనవలు బతికున్నారు.

అంబాజీపేట దాటి వైనతేయ గోదావరి గట్టుకు పోతే ఒక ఊరు. ఆ ఊరి నవమి ఉత్సవాల కమిటీకి అధ్యక్షుడు ఒక కొబ్బరి వ్యాపారి. కాయను చెవి దగ్గర పెట్టి ఒక్కసారి ఊపితే చాలు, లోపల నీరెంతుందో, అది ఎండి కురిడీ అవుతుందో కుళ్ళిపోతుందో చెప్పేసేవాడు. అంత చెవి ఉన్న మనిషి మైకు దగ్గరకొచ్చేసరికి శుద్ధ చెవిటివాడైపోయేవాడు. మద్రాసు వెళ్ళి మైకుసెట్టూ, ఉమ్మెత్తపువ్వు ఆకారంలో రెండు ఇనప హారన్లూ తెచ్చాడు. వాటిని రెండు కొబ్బరిచెట్లకు కట్టించాడు. ఒకటి ఏటవతలి ఊరివైపు, ఒకటి ఏటి వాలుకి. పందిరివైపు ఒక్కటీ లేదు. పందిట్లోవాళ్ళు ఎలాగూ వచ్చి కూర్చున్నారు గదా, ఇంక వాళ్ళకు వినపడటం దేనికి అని ఆయన లెక్క. ఆ హారన్లు చెట్టెక్కి కట్టింది నేనే. ఆ పాపంలో నా వాటా నేను దాచుకోను.

హారన్ సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట. మనిషి గొంతులో గుండెల్లోంచి వచ్చే భాగం ఒకటి, పళ్ళూ ముక్కూ కలిసి చేసే భాగం ఒకటి ఉంటాయి. మొదటిది హారన్ మెడ దగ్గరే చచ్చిపోతుంది. రెండోది మైలు దూరం పోతుంది. అందుకని హారన్లోంచి ఎవరు మాట్లాడినా, మునసబు మాట్లాడినా మునసబు మామగారు మాట్లాడినా, రేకు మీద మేకు గీసినట్టే ఉంటుంది. దాన్నే మావాళ్ళు "క్లియర్‌గా ఉందండి" అనేవారు.

ఆ ఊరి నవమికి పదేళ్ళ పైనుంచీ ఒక భాగవతారిణిగారు హరికథ చెప్పేవారు. రాజోలువైపు నుంచి రేవు దాటి వచ్చేవారు. యాభైకి దగ్గరగా ఉంటారు. మైకు రాకముందు నేను ఆవిడ కథ విన్నాను. నిండుబావిలో చేద మునిగేటప్పుడు ఒక చప్పుడొస్తుంది చూడండి, ఆ గొంతు ఆవిడది. నాలుగు శ్రుతిలో మొదలుపెడితే పందిట్లో పసిపిల్లలు కూడా ఏడుపు ఆపేవారు. మైకు వచ్చిన ఏడే అధ్యక్షుడు పిలిచి, హారన్ మీ గొంతు అందుకోవటం లేదమ్మా, కాస్త శ్రుతి పెంచండి అన్నాడు. ఆవిడ ఐదుకు పెంచారు. మరుసటేడు ఐదున్నర. చెప్పు ఇరుకైందని కాలు చెక్కుకోమన్నట్టుంది వ్యవహారం. మూడో ఏటికి కమిటీలో గుసగుసలు మొదలయ్యాయి: పాపం, ఆవిడ గొంతు పోయిందిట. ఇరుకు చెప్పు తొడిగినవాళ్ళే కుంటుతోందని వెక్కిరించడం నేను అక్కడే చూశాను.

ఒక మధ్యాహ్నం ఆవిడ నా దుకాణానికి వచ్చారు. అరుగు మీద కూర్చుని, మజ్జిగ ఇస్తే తాగి, గ్లాసు పక్కన పెట్టి అడిగారు.

"తమ్ముడూ, మైకు దగ్గర కూర్చుని ఏటా నన్ను వినేవాడివి నువ్వు. నా గొంతు పోయిందంటున్నారు. నిజమేనా?"

పోలేదన్నాను. ఆవిడ నవ్వారు. నువ్వు మర్యాదకి చెబుతున్నావు అన్నారు. పోనీ ఇక్కడే ఒక పద్యం అందుకోండి అక్కగారూ అన్నాను. అందుకున్నారు. బాగుంది. బాగుందన్నాను. దానికీ నవ్వారు.

"నువ్వు నా మొహం చూస్తూ విన్నావు. ఆ కమిటీవాళ్ళు నలుగురూ మైకులో విన్నదే గొంతంటారు. ఉంటే ఉందని, పోతే పోయిందని ఎవరో ఒకరు తేల్చాలి. పోతే చిడతలు అటకెక్కించి మా మరదలి ఊళ్ళో కూర్చుంటాను. తెలీకుండా మాత్రం గజ్జె కట్టలేకపోతున్నాను తమ్ముడూ."

ఆవిడ వెళ్ళాక చాలాసేపు పని చెయ్యలేకపోయాను. మూడేళ్ళ నుంచీ నేనూ ఆవిణ్ణి హారన్లోనే వింటున్నాను. నాకూ తెలియదు. ఆవిడకు కావలసింది అబద్ధం చెప్పని మైకు. మా జిల్లాలో అలాంటిది ఎవడి దగ్గరా లేదు, ఎవడికీ అక్కర్లేదు కూడా.

రాజమండ్రిలో యుద్ధం తాలూకు పాత సామాను వేలం వేసినప్పుడు కొన్ని రేడియో వాల్వుల చుట్టూ చుట్టిన ఒక విదేశీ పత్రిక కాగితం నాకు దొరికింది. దాని మీద ఒక స్పీకరు బొమ్మ. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో మాటా వెతుక్కుంటూ అప్పటికే దాన్ని పదిసార్లు చదివాను. మొలకెత్తబోయే కొబ్బరికాయ పగలగొడితే చిప్ప మధ్యలో తెల్లగా కొబ్బరిపువ్వు కూర్చుని ఉంటుంది. ఆ బొమ్మలో ఉన్నది అచ్చం అదే. పెద్ద అట్టగరాటు మధ్యలో, దాని నడినెత్తిన, ఒక చిన్న స్పీకరు. పెద్దది మంద్రం పలుకుతుంది, చిన్నది తారం పలుకుతుంది. రెండూ ఒకే చోటినుంచి.

ఒకే చోటినుంచి రావడంలో అంత గొప్పేముందని నన్ను చాలామంది అడిగారు. అడగడానికి ముందు వాళ్ళు ఒక్కసారి అమలాపురం టాకీసులో నేలమీద కూర్చుని ఉంటే సరిపోయేది. తెర వెనక పెద్ద పెట్టె కిందా, చిన్న హారన్ పైనా పెట్టేవారు. కథానాయిక నోరు తెర మధ్యలో కదులుతుంది. ఆవిడ 'సా' అంటే, సకారం ఆవిడ కొప్పు మీదనుంచీ, దీర్ఘం ఆవిడ కాళ్ళ దగ్గరనుంచీ వచ్చేవి. హల్లు ఒక వీధిలో, అచ్చు ఒక వీధిలో. మనిషికి దేవుడు ఒకే నోరు పెట్టాడు. స్పీకరుకీ ఒకే నోరుండాలి. దీనికి పట్టా ఎందుకు? బుర్ర చాలు.

రేడియో, గ్రామఫోను కలిపి చేసిన పాత రేడియోగ్రాము ఒకటి చెదలు పట్టి నా దగ్గరుంటే దాంట్లో పెద్ద స్పీకరు తీశాను. ఇంకో చిన్న రేడియోలోంచి అరచేయంత స్పీకరు తీసి, మూడు ఇత్తడి కాళ్ళ మీద దాని మధ్యలో నిలబెట్టాను. చిన్నదానికి మంద్రం చేరకుండా ఒక కండెన్సరు, పెద్దదానికి తారం చేరకుండా వెదురుబొంగు మీద చుట్టిన తీగచుట్ట. ఇంక పెట్టె కావాలి. పడవలకూ తంబూరాలకూ మరమ్మతు చేసే వడ్రంగి మావయ్య ఒకాయన ఉండేవాడు. ఆయన చక్కని పనస చెక్కతో, మూలలు వీణబుర్రలా గుండ్రంగా నునుపుదేల్చి, చూడముచ్చటగా చేసి తెచ్చాడు. వీణకు పనస, తంబూరాకు పనస, మృదంగానికి పనస. పాట పలికేదానికి పనస కాక ఇంకేం వాడతారు? నేనూ అలాగే అనుకున్నాను. మా ప్రాంతంలో ఎవరైనా అలాగే అనుకుంటారు.

మావయ్యను పెరట్లో మైకు ముందు కూర్చోబెట్టి పేపరు చదవమన్నాను. వీధి అరుగు మీద పెట్టె ముందు నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఆయన చదివే ప్రతి మాట కిందా ఇంకెవరో "ఊఁ, ఊఁ" అంటూ తల ఊపుతున్నట్టు ఒక మూలుగు. ఎక్కడిదా అని వెతికి వెతికి చివరికి పెట్టె మీద చెయ్యి వేశాను. చెక్క వణుకుతోంది. పెట్టె తనూ పాడుతోంది. అప్పుడు తెలిసింది నా తెలివితక్కువతనం. వీణ తీగకు సొంతంగా గొంతు లేదు కాబట్టి బుర్ర పాడాలి. ఇక్కడ గొంతు మనిషి దగ్గరే ఉంది. పెట్టె నోరు మూసుకోవాలి.

ఆ మాట చెబితే వడ్రంగి మావయ్యకు కోపం వచ్చింది. "పాడని చెక్క కావాలంటే నా దగ్గరకెందుకొచ్చేవయ్యా, కట్టెల అడితికి పోకపోయేవా" అన్నాడు. అయినా చేసిపెట్టాడు. ఈసారి మామిడి పలకలు, రెండేసి. రెంటి మధ్యా వేలెడు ఖాళీ వదిలి, ఆ ఖాళీలో ఎండబెట్టి జల్లించిన గోదావరి ఇసుక కూరాం. లోపల కొబ్బరిపీచు మెత్తగా కొట్టి పరిచాం. వేలితో కొడితే గోడను కొట్టినట్టు చప్పుడు. బడిపిల్లల ట్రంకుపెట్టె కన్నా పెద్దది కాదు, ఎత్తాలంటే మాత్రం ఇద్దరు కావాలి. తర్వాత మావయ్య పేపరు చదువుతుంటే ఇత్తడి కాళ్ళ మరలు తిప్పుతూ, చిన్న స్పీకరును వడ్లగింజంత ముందుకూ వెనక్కూ జరుపుతూ కూర్చున్నాను. అక్షరాలు నెత్తి మీద చిటపటలాడుతున్నాయి, కింద మూలుగుతున్నాయి. ఒక చోట పెట్టేసరికి ఠక్కున రెండూ కలిశాయి. స్పీకరు మాయమైంది. పెరట్లో ఉన్న వడ్రంగి మావయ్య నా ఎదురుగా కూర్చుని, ముక్కుపొడుం పీల్చి, మిరపకాయల ధరలు చదువుతున్నాడు.

మొన్నీమధ్య అమలాపురంలో పాటలు రికార్డు చేసే గది పెట్టుకున్న ఒక కుర్రాడు నన్ను తీసుకెళ్ళి రెండు చిన్న పెట్టెలు చూపించాడు. చిన్నది పెద్దదాని మధ్యలో ఉంటుందండి తాతగారూ, కొత్త పద్ధతండి, ఉన్నదున్నట్టు చెబుతుందండి అని, నేను కరెంటు ఎరగనట్టు నాకు విప్పి చెప్పాడు. పెట్టెలు బాగానే ఉన్నాయి. కాదనను. నిజం చెప్పే పెట్టెల ముందు కూర్చుని ఆ కుర్రాడు రోజంతా తయారుచేసేది మాత్రం మళ్ళీ ఏటవతలికి వినపడే సరుకే.

పెట్టె అయింది. ఇంక కమిటీవాళ్ళు మొహం చూడకుండా వినాలి. కొత్తరకం మైకు వచ్చింది, మీరు సరేనంటేనే అని అధ్యక్షుడికి కబురు పెట్టాను. తనను సలహా అడిగితే ఆయన చుట్ట కూడా మరిచిపోయి వస్తాడు. ఆ ఊరి గ్రంథాలయానికి ముందొక గది, వెనకొక గది, మధ్య మందపాటి గోడ. మధ్యాహ్నం మూడింటికి, కారు బ్యాటరీ మీద సెట్టు నడిపి, పెట్టె ముందు గదిలో పెట్టాను. భాగవతారిణిగారు అప్పటికే హార్మోనియంతో వెనక గదిలో మైకు ముందు, తలుపు మూసుకుని ఉన్నారు. అధ్యక్షుడూ, మునసబూ, ఇంకో ఇద్దరూ వచ్చి కూర్చున్నారు.

"ఏంటయ్యా, పోపులపెట్టె తెచ్చేవు?" అన్నాడు అధ్యక్షుడు.

"మధ్యలో ఆ బుల్లిగిన్నె ఆవాలకాండి?" అని మునసబు. నలుగురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నేను వైరు బిగించుకున్నాను.

ఆవిడ అలవాటైన ఐదున్నర శ్రుతిలోనే పద్యం అందుకున్నారు. నాలుగు మాటలు అయ్యాయో లేదో అధ్యక్షుడు చెయ్యెత్తాడు. ఆవిడేగా, నేను చెప్పలేదూ, గొంతు గీసుకుపోయింది, ఇంక ఆవిడకు గౌరవంగా సెలవు చెప్పేద్దాం అన్నాడు. మిగతావాళ్ళు పాపం పాపం అన్నారు.

ఆయన అన్నది అబద్ధం కాదు. పై షడ్జమం దగ్గర గొంతు రెండు పాయలుగా చీలడం నాకూ వినపడింది. హారన్ రొదలో కలిసిపోయి కనపడని చీలికను నా పెట్టె విడమరిచి, దీపం పెట్టి చూపించింది. ఆవిణ్ణి నిలబెడదామని చేసిన పెట్టెతో నేనే ఆవిడ గొంతు నొక్కేశానా అనిపించింది.

వెనక గదిలోకి వెళ్ళాను. ఆవిడ తలెత్తి నా మొహం చూశారు. నేనే చెప్పాను, ఐదున్నరలో పై స్థాయి చీలుతోంది అక్కగారూ అని. దాచితే ఆ పెట్టె చెయ్యడం దేనికి?

ఆవిడ హార్మోనియం మెట్ల మీంచి వేళ్ళు తీశారు.

"అది నా శ్రుతి కాదుగా తమ్ముడూ" అన్నారు. "ఇక్కడ హారన్ లేదు. నాలుగులో పాడుకోనా?"

నేను ముందు గదిలోకి వచ్చేసరికి హార్మోనియం కిందికి దిగింది. ఆవిడ కథలో ఒక శోకఘట్టంలోని పద్యం మెల్లిగా ఎత్తుకున్నారు. బావిలో చేద మునిగింది. మాటకూ మాటకూ మధ్య తీసిన ఊపిరి వినపడింది. మకారం దగ్గర పెదవులు కలవడం వినపడింది. చీలిక లేదు, ఆయాసం లేదు. గోడకివతల బల్ల మీద ఒక మనిషి కూర్చుని పాడుతోంది, అంతే. అధ్యక్షుడు చుట్ట వెలిగించబోయి అగ్గిపుల్ల వేళ్ళు కాలేదాకా పట్టుకుని కూర్చున్నాడు. మునసబు కండువాతో కళ్ళు ఒత్తుకుని, చెమట ఒత్తుకున్నట్టు మెడ కూడా తుడుచుకున్నాడు.

పద్యం అయింది.

"ఎవరయ్యా ఈ రెండో ఆవిడ? ఏ ఊరు?" అన్నాడు అధ్యక్షుడు. "ఈసారి నవమికి ఈవిణ్ణి పిలిచేద్దారండి."

మిగతా ముగ్గురూ ఆయ్, ఆయ్ అన్నారు. మూడేళ్ళు హారన్లో విని విని, పదేళ్ళు ఎదురుగా కూర్చుని విన్న గొంతును ఆనవాలు పట్టలేకపోయారు, మహానుభావులు. నేను లేచి తలుపు తీశాను.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు.

"పిలుస్తానన్నారుగా బాబుగారూ. తప్పకుండా వస్తానండి. నాలుగు శ్రుతిలోనే చెబుతాను."

మునసబు నేలచూపులు చూశాడు. ఒకాయన గ్రంథాలయంలో అంతకుముందు ఎన్నడూ ముట్టని పుస్తకం తీసి తిరగెయ్యడం మొదలుపెట్టాడు. అధ్యక్షుడు మాత్రం తేరుకున్నాడు. అలాంటివాళ్ళు త్వరగా తేరుకుంటారు.

"అదంతా సరేనమ్మా. ఏటవతలికి వినపడాలి గదా మరి."

ఆ సాయంత్రమే పెట్టెను బండి మీద గట్టుకు తోలించారు. మునసబును పడవ ఎక్కించి అవతలి ఒడ్డుకు పంపారు. వినపడితే కండువా ఊపాలి. ఆవిడ ఇసుకలో నిలబడి నాలుగు శ్రుతిలో పద్యం మొత్తం పాడారు. అవతల మునసబు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కొంగలా నిలబడ్డాడు. కండువా కదల్లేదు. తర్వాత అధ్యక్షుడు నన్నే హారన్ తగిలించమన్నాడు. తగిలించాను. ఆవిడ ఇంకా నోరు తెరవలేదు. ఇంతలో చుట్టపొగ గొంతుకడ్డం పడి అధ్యక్షుడు మైకు పక్కన ఖళ్ళున దగ్గాడు. అవతలి ఒడ్డున కండువా లేచింది. ఒకసారి కాదు, గిరగిరా తిప్పుతున్నాడు మునసబు.

చుట్టూ చేరిన జనం చప్పట్లు కొట్టారు. దగ్గుకి.

"చూసేరా అమ్మా" అన్నాడు అధ్యక్షుడు, నిజంగానే జాలిపడుతూ. "అదండి సంగతి. ఐదున్నరలో చెబుతానంటే మీరే రండి. మిమ్మల్ని వద్దనుకోవటం మాకూ కష్టమే."

నేను నోరు విప్పబోయాను. ఆవిడ నా వైపు చెయ్యి అడ్డం పెట్టారు.

"దగ్గితే చాలునన్న చోట నేనెందుకు బాబుగారూ" అన్నారు, ఎంతో మర్యాదగా. "నవమి తొమ్మిది రోజులూ తమరే దగ్గండి."

అని రేవు వైపు నడిచారు. పడవ ఎక్కేముందు వెనక్కి తిరిగి, "పోలేదు గదా తమ్ముడూ" అన్నారు నాతో. పోలేదన్నాను. ఈసారి నవ్వలేదు, తల ఊపారు.

ఆ ఊరివాళ్ళు ఆ ఏడు ఇంకెవరినో తెచ్చుకున్నారు. ఆయన కథ ఏటవతలికి బ్రహ్మాండంగా వినపడిందట. ఏం కథో ఇవతల ఎవరికీ గుర్తులేదు. నా పెట్టె దుకాణంలో ఏళ్ళ తరబడి పడి ఉంది. చూసినవాళ్ళంతా హారనేదండీ అని అడగడమే. ఇంత బరువెందుకండీ అని ఎత్తి దింపడమే. ఒక్కడూ విని వెళ్ళలేదు.

ఆవిడ మాత్రం ఆ నవమికి ఉప్పలగుప్తం వైపు, కరెంటు మొహం ఎరగని ఒక చిన్న ఊళ్ళో కథ ఒప్పుకున్నారు. పెట్టె తీసుకొస్తానంటే వద్దన్నారు. అది నాకు చెప్పవలసింది చెప్పేసిందిగా అన్నారు. ఊరికే వినడానికి వెళ్ళాను. పొద్దు వాలుతుండగా కథ మొదలైంది. అవతలెక్కడో పక్క ఊరి హారన్ రేకు చప్పుడు చేస్తోంది. పందిట్లో చివరినున్నవాళ్ళు వినపట్టం లేదండీ అన్నారు. ఆవిడ శ్రుతి పెంచలేదు. చిడతలు ఆపి, వాళ్ళవైపు చూసి, ముందుకు రండమ్మా అన్నారు. అంతే. వెనకవాళ్ళు చాపలు చంకలో పెట్టుకుని వచ్చి, ముందువాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని చోటిస్తే, ఆవిడ గజ్జెల పక్కన సర్దుకుని కూర్చున్నారు.